వెనక సీటుకు వాల్యూము

చేతికి డిప్లొమా కాగితం కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. పదిహేనేళ్ళుగా వైర్లతోనే కాపురం చేస్తున్నాక, తెలియనివి ఎన్ని ఉన్నాయో ఇప్పుడిప్పుడే తెలుస్తోంది గానీ, పాలిటెక్నిక్ నుంచి అప్పుడే బయటపడ్డ అమ్మాయికి అనుమానమనే జబ్బు ఉండదు. మిక్సీ ఆగినా, పక్కింటివాళ్ళ టీవీలో గీతలొచ్చినా పిలవకుండానే స్క్రూడ్రైవరు పట్టుకుని వెళ్ళి నిలబడేదాన్ని. (నేను వచ్చేశాక వాళ్ళు మెకానిక్కును పిలిచేవాళ్ళు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది.) ఉప్పల్ చౌరస్తాలో మెట్రో స్తంభాలు ఇంకా లేస్తున్న కాలం అది. రోడ్డంతా తవ్వి, రేకులు అడ్డం పెట్టి, ఏ దారి ఎటు పోతుందో ఎవరికీ తెలిసేది కాదు. నాకు మాత్రం అన్నీ తెలుసు.

అలాంటి నాకు మొదటి ఉద్యోగం నాచారం మెయిన్ రోడ్డు మీద ఒక కారు డెకార్ షాపులో దొరికింది. ఉద్యోగం అనేది కొంచెం పెద్ద మాటే. ముందు కౌంటర్లో కూర్చుని సీటు కవర్ల నమూనాలు తిప్పి చూపించడం, 'జర కూసోండ్రి, అయిపోతది' అని వచ్చినవాళ్ళకు చెప్పడం, అంతే. అసలు పనంతా వెనక షెడ్డులో జరిగేది. అక్కడ ఒక పొడవాటి బల్ల, దాని మీద సోల్డరింగ్ కడ్డీ, మీటరు, తీగల చుట్టలు, వాటి మధ్య మా షాపు యజమాని. అందరూ ఆయన్ని 'ఉస్తాద్' అనేవాళ్ళు. జనగామ వైపు మనిషి. ఏడో తరగతితో చదువు ఆపి, నాచారంలో ఏదో ఫ్యాక్టరీలో హమాలీగా చేరి, అక్కడి ఎలక్ట్రీషియన్ వెనకాల తిరిగి తిరిగి పని నేర్చుకున్నాడట. మీటరు ఉన్నా వాడడు. తీగ వేడిని వేలితో, బ్యాటరీని నాలుకతో, కారును చెవితో చూసేవాడు. కొలత దేనికైనా 'అందాజ' అనేవాడు, అంటే ఉజ్జాయింపుగా అని. ఆ మాట వినబడితే నాకు ఒళ్ళు మండేది. ఓమ్ సూత్రం కంఠతా వచ్చినదాన్ని మరి.

ఆ బల్ల దగ్గర కూర్చోవాలని నా కోరిక. ఒట్టి కోరికే అయితే ఇంత కథ ఉండేది కాదు. మా బాపు రైల్వేలో గూడ్సు గార్డు. గొంతు పెంచి మాట్లాడడం ఆయనకు రాదు, కానీ ఒక మాట అన్నాడంటే గార్డు ఊపిన పచ్చజెండానే, వెనక్కి తీసుకోవడం ఉండదు. ఉద్యోగంలో చేరిన రోజే చెప్పాడు.

"మూడు నెలలు సూస్త బిడ్డా. గీ మూడు నెలలల్ల నీ సేతికి పనిముట్టు రాకపోతే ఏఎస్ రావు నగర్‌ల బ్యాంకు కోచింగ్ ఉన్నది, గండ్ల శేరాలె. సీటు కవర్లు సూపెట్టనీకె డిప్లొమా ఎందుకు?"

న్యాయమైన మాటే. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. రెండున్నర నెలలు గడిచాయి, నా చేతికి పనిముట్టు రాలేదు. ఒకరోజు సిగ్గు విడిచి ఉస్తాద్‌నే అడిగాను, నన్ను బల్ల దగ్గర ఎప్పుడు కూర్చోబెడతావని. ఆయన తీగ తొక్క పళ్ళతో లాగుతూ, "కూసోవెట్టేది ఏముంది బిడ్డా, పని వస్తె అదే కూసోవెడ్తది" అన్నాడు. మూడు నెలలు పూర్తి కావడానికి ఇంకా పది రోజులుందనగా ఆ పని కారెక్కి వచ్చింది.

కారు బూడిదరంగుది, పాతది, అద్దంలా తుడిచి ఉంది. ముందు సీట్లోంచి ఒక పెద్దాయన ట్యాగు కట్టిన ఫైలుతో దిగాడు. వెనక సీట్లో ఒకావిడ కూర్చునే ఉంది. మా వైపు పెద్ద ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో రిటైరైన వాళ్ళెవరైనా సరే అందరికీ 'ఎలక్ట్రానిక్స్ సారే'. ఈయనా అంతే. దంపతులు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నా, ఆ మాట తీరు చెక్కుచెదరలేదు. సారు ఫైలు విప్పి ఒక టైపు చేసిన కాగితం నా ముందు పెట్టారు. పైన 'వెనక ఎడమ స్పీకరుకు ప్రత్యేక ధ్వని నియంత్రణ: ఆవశ్యకతలు' అని శీర్షిక. కింద పదకొండు అంశాలు. ఏడో అంశంలో ఉప అంశాలు. మూడు ప్రతులు.

నేను రెండో అంశంలో ఉండగా వెనక సీటు కిటికీ దిగింది.

"అమ్మాయీ, అదంతా చదవక్కర్లేదు. ఆయన వార్తలు పెడితే మోత నా చెవి వెనకే. అది తగ్గించుకోడానికి నా చేతికందేలా తిప్పుకునేది ఒకటి కావాలి, అంతే."

కారు రేడియో సెట్టులోనే ముందు స్పీకర్లకూ వెనక స్పీకర్లకూ ధ్వని వేరువేరుగా సర్దుకునే వీలుంది కదండీ అన్నాను తెలివిగా. "ఉంది. అది ఆయన చేతిలో ఉంటుంది. నాది నా చేతిలో ఉండాలి" అన్నారు అమ్మగారు. పోనీ ముందు సీట్లో కూర్చోవచ్చు కదా అంటే, అది ఫైలు కూర్చునే చోటట.

తొమ్మిదో అంశం ప్రకారం పని చేసేవారికి తగిన సాంకేతిక అర్హత ఉండాలి. "ఇక్కడ ఎలక్ట్రానిక్స్ చదివినవారు ఎవరు?" అని సారు అడిగిందే తడవు నేను లేచిన ఊపుకు సీటు కవర్ల పుస్తకం కిందపడింది. ఉస్తాద్ నన్ను చూశాడు, కాగితాన్ని చూశాడు. "జెయ్యి బిడ్డా" అన్నాడు. ఆ రెండు మాటలకు నేను ఆ రోజంతా భూమ్మీద నడిచినట్టు గుర్తులేదు.

మరునాడే సర్క్యూట్ గీశాను. స్కేలు పెట్టి, రెండు రంగుల్లో. మా ల్యాబు పుస్తకంలో వాల్యూమ్ కంట్రోల్ అంటే పది వేల ఓముల బిళ్ళ. రేడియో లోపల ఉంటుందే, రూపాయి బిళ్ళంత, మధ్యలో తిప్పే కాడతో, అది. ఒకటి కొని తెచ్చి గర్వంగా బల్ల మీద పెట్టాను. ఉస్తాద్ దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

"గిది రేడియో కడుపులుండేది బిడ్డా. సన్నపానం. స్పీకర్ తీగల నడుమ వెడ్తె ఆగది. తీగ సుట్టింది ఉంటది, లావుగ, గది వెట్టు."

"వాల్యూమ్ కంట్రోల్ అంటె గిదే ఉస్తాద్. బుక్కుల ఉన్నది."

"బుక్కుల ఉంటె సరే" అని ఆయన చాయ్ తాగడానికి వెళ్ళిపోయాడు. (అవతలి మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే ఆగి ఆలోచించాలని ఇప్పుడు తెలుసు.) సారు వచ్చి నా సర్క్యూట్‌ను భూతద్దం పెట్టి పది నిమిషాలు పరిశీలించారు. ఒక్క ప్రశ్న వెయ్యలేదు. మూడు ప్రతుల మీదా 'ఆమోదించడమైనది' అని రాసి పచ్చ సిరాతో సంతకం చేశారు. ఎలక్ట్రానిక్స్ సారే ఒప్పుకున్నాక ఇక ఏడో తరగతి ఉస్తాద్ మాట ఎవరికి కావాలి? మా ప్రాంతంలో పచ్చ సిరా పడిన కాగితాన్ని దేవుడు కూడా మళ్ళీ విప్పి చూడడు.

బిగించేశాను. వెనక తలుపు చేతిపిడి పక్కన బిళ్ళ, దాని చుట్టూ సున్నా నుంచి పది దాకా నా గోళ్ళరంగుతో గుర్తులు. శుక్రవారం పొద్దున పదకొండింటికి పరీక్ష. సారు స్టీరింగు దగ్గర, అమ్మగారు వెనక, నేను ఫైలు సీట్లో ఫైలును ఒళ్ళో పెట్టుకుని. నాచారం నుంచి బయల్దేరాం. రేడియోలో వార్తలు దద్దరిల్లుతున్నాయి.

"ఒకటో గుర్తు?" అన్నారు సారు.

"ఏమీ వినపడ్డం లేదండీ" అన్నారు అమ్మగారు.

'శూన్యం' అని రాశాను. రెండు, శూన్యం. మూడు, శూన్యం. హబ్సిగూడ చేరేసరికి ఏడు దాటాం, అదీ శూన్యమే. నా వీపు మీద చెమట మొదలైంది. అమ్మగారు మాత్రం మహదానందంగా, "ఇదే బాగుందమ్మాయీ, ఇలాగే ఉంచెయ్యి" అన్నారు. పరీక్ష పూర్తి కావాలన్నారు సారు. తొమ్మిది శూన్యం. పదికి తిప్పగానే వాతావరణ సూచన అమ్మగారి చెవి పక్కన పిడుగులా పడింది. ఆవిడ ఉలిక్కిపడి వెనక్కి తిప్పారు, మళ్ళీ నిశ్శబ్దం. తొమ్మిదికీ పదికీ నడుమ వెంట్రుకవాసి చోటు ఒకటుందనీ, అక్కడ నిలిపితే మాట సన్నగా వినిపిస్తుందనీ ఆవిడే కనిపెట్టారు. సూదిలో దారం ఎక్కించినట్టు అక్కడ పట్టుకుని కూర్చున్నారు. నేను 'తొమ్మిదిన్నర, సంతృప్తికరం' అని రాసి ఊపిరి పీల్చుకున్నాను.

ఆ ఊపిరిలోనే వాసన తగిలింది.

"ఎవరింట్లోనో అప్పడం మాడుతున్నట్టుందే" అన్నారు అమ్మగారు.

"ఈ రోడ్డు పనుల దగ్గర తారు కాస్తుంటారు. కిటికీలు ఎక్కించండి" అన్నారు సారు. ఎక్కించాం. అప్పుడు గానీ పొగ లోపలిదని తెలియలేదు.

"ఏవండీ, తారు కాదు. నా చెయ్యి కింద."

సరిగ్గా ఉప్పల్ చౌరస్తా మధ్యలో సారు కారు ఆపేశారు. వెనక సిటీ బస్సు, దాని వెనక ఇంకో రెండు, అటు పక్క మెట్రో రేకులు. అమ్మగారు కంగారు పడలేదు. కొంగు చేతికి చుట్టుకుని బిళ్ళను తీగలతో సహా పీకి కిటికీలోంచి కింద పడేశారు, వంకాయలో పురుగును తీసి పారేసినంత తేలిగ్గా. ట్రాఫిక్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది సార్, పొగ ఏందిది?"

"ఏం లేదు బాబూ, పరీక్ష జరుగుతోంది" అన్నారు సారు.

"జర పక్కకు వెట్టి రాసుకోండ్రి సార్" అన్నాడు అతను, ఎంతో మర్యాదగా.

పక్కకు పెట్టాం. సారు నా వైపు తిరిగి, "రిమార్కుల్లో పొగ అని రాయమ్మా" అన్నారు. 'పొగ' అని రాశాను. రాసి, ఉండబట్టలేక అడిగాను. "సార్, మీరు పది నిమిషాలు చూసి సంతకం పెట్టారు కదా. ఎలక్ట్రానిక్స్ మీకు తెలుసు కదా?"

"నాది పెయింటు సెక్షనమ్మా" అన్నారాయన నెమ్మదిగా. "ముప్పై ఏళ్ళు పెట్టెల మీద రంగు ఎంత మందం ఉందో చూశాను. నువ్వు డిప్లొమా అన్నావు కదా అని నేను నిశ్చింతగా ఉన్నాను."

"మరి ఆమోదించారు కదా సార్?"

"గీతలు చాలా తిన్నగా ఉన్నాయి."

షాపుకు ఎలా వచ్చానో తెలియదు. ఉస్తాద్ మాడిన బిళ్ళను (దాన్ని రోడ్డు మీంచి ఏరి తెచ్చాను, సాక్ష్యం కావాలి కదా) అరచేతిలో పెట్టుకుని చూశాడు. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వి ఉంటే కోపమైనా తెచ్చుకునేదాన్ని. ఆయన నా పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"స్పీకర్ ఎంత బిడ్డా?"

"నాలుగు ఓమ్స్."

"నీ బిళ్ళెంత?"

"పది వేలు."

"నాలుగడుగుల గల్లీకి పది వేల అడుగుల గేటు వెడ్తివి. గేటు మొత్తం జరిపినంక గా ఆఖరి నాలుగడుగుల్ల తొవ్వ కనవడ్డది. అమ్మగారు గాన్నే ఆపింది. మోటుగ ఉరికొచ్చే కరెంటంత గా సన్నపు కొస మీన వడ్డది. కాలక ఏం జేస్తది?"

ఆరు సెమిస్టర్లలో నాకు ఎవరూ ఇంత బాగా చెప్పలేదు. ఏడుపు వచ్చేసింది. రేపటితో మూడు నెలలు నిండుతాయని, బాపు కోచింగుకు తీసుకుపోతాడని ముక్కు చీదుకుంటూ చెప్పాను. అప్పటికి సారు కారు దిగి వచ్చి ఉస్తాద్‌తో, ఇంకెవరైనా అనుభవం ఉన్నవాళ్ళతో చేయించమని గొంతు తగ్గించి చెబుతున్నారు. వెనక సీట్లోంచి అమ్మగారి మాట వచ్చింది. "ఆ అమ్మాయే చెయ్యాలి. ఏం చెయ్యకూడదో ఇప్పుడు దానికి తెలుసు. కొత్తవాళ్ళొస్తే మళ్ళీ మొదట్నించీ కాల్చాలి."

"రేపు పొద్దుగాల్ల రా" అన్నాడు ఉస్తాద్ నాతో. "కాల్చినోళ్ళే జెయ్యాలె."

ఇంట్లో బాపు అడిగాడు, పరీక్ష ఏమైందని. "కాలింది" అన్నాను. ఆయన "రేపు పన్నెండింటికి వస్త బిడ్డా. అటే పోయి ఫారం దెచ్చుకుందం" అన్నాడు. కోపంగా అన్నా బాగుండేది.

శనివారం ఎనిమిదింటికల్లా షాపులో ఉన్నాను. ఉస్తాద్ పాత బిస్కెట్ డబ్బా ఒకటి ముందు పెట్టి వెతుక్కోమన్నాడు. అడుగున దొరికింది, పింగాణీ కడియం మీద తీగ చుట్టిన లావుపాటి నాబ్, యాభై ఓములది. ఈసారి లెక్క రెండుసార్లు వేశాను. వేసి ఉస్తాద్‌కు చూపించాను. "నాకు లెక్కలు రావు, అందాజ సరిపోతది" అన్నాడు. మొదటిసారి ఆ మాటకు ఒళ్ళు మండలేదు. వేడి బయటికి పోయేలా చిన్న రేకు పెట్టెకు చిల్లులు పొడిచి, నాబ్‌ను అందులో బిగించి, తీగలకు గొట్టాలు తొడిగి, సీటు కింద పడుకుని ఒక్కొక్క అతుకూ వేశాను. ఉస్తాద్ చాయ్ గ్లాసుతో పక్కనే నిలబడ్డాడు గానీ ఒక్క తీగను ముట్టుకోలేదు. అయ్యాక పావుగంట పాటు సెట్టు మోగించి, పెట్టె మీద అరచెయ్యి ఆనించాడు. "ఇడ్లీ అంత వేడి. ఫికర్ లేదు."

సరిగ్గా అప్పుడే బాపు స్కూటరు వచ్చి ఆగింది. ఆయనకు ముందు కనబడినవి కారు తలుపులోంచి బయటికి ఉన్న నా కాళ్ళట. ఆ కాళ్ళను చూస్తూ ఏమనుకున్నాడో ఎప్పుడూ చెప్పలేదు. నేను లేచేలోపే సారు ఆయన్ని పట్టుకున్నారు. పదో అంశం ప్రకారం పరీక్షకు షాపుతో సంబంధం లేని సాక్షి ఒకరు కావాలి.

"మీరు ఈ షాపువారా?"

"కాదు సార్."

"అయితే రండి, ముందు కూర్చోండి."

బాపు నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. ఆయన ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు, నేను వెనక అమ్మగారి పక్కన. కారు కదిలింది. ఒకటో గుర్తు దగ్గర సన్నగా గుసగుస. రెండుకు కాస్త పెరిగింది. మూడు, నాలుగు, మెట్టు మెట్టుగా పదిదాకా. మళ్ళీ పది నుంచి మెట్టు మెట్టుగా కిందికి. అమ్మగారు రెండు దగ్గర నిలిపి, కిటికీ వైపు చెవి పెట్టారు. "ఏవండీ, వెనక బస్సు హారను కొడుతోంది, ఎడమకు తియ్యండి" అన్నారు. సారు తీశారు. బస్సు రాసుకుంటూ పోయింది. నాకు ఆ హారను వినబడనే లేదు.

ఆవిడ నా వైపు వంగి చెప్పారు. "ఆయనకు వినికిడి బాగా తగ్గింది. ఒప్పుకోరు. అందుకే అంత మోత. వెనకనుంచి వచ్చేవన్నీ నేనే విని చెప్పాలి. నా చెవి కూడా ఆ వార్తలకే పోతే ఇద్దరికీ దిక్కులేదమ్మా." వారం రోజులుగా నేను చేస్తున్నది ఒక పెద్దావిడ సుఖం కోసం అనుకున్నాను. పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాను, ఇడ్లీ అంత వేడే.

షాపుకు తిరిగి వచ్చాక సారు నివేదిక బాపు ముందు పెట్టారు. మా బాపు చదవకుండా సంతకం పెట్టే మనిషి కాదు. గూడ్సు బండి బ్రేకులు సరిగ్గా ఉన్నాయని పెట్టే సంతకానికి వెనక ఎన్ని డబ్బాలు వేలాడుతుంటాయో తెలిసినవాడు. ముందు వెనక మూడుసార్లు చదివాడు. శుక్రవారం కాగితం కూడా అడిగి తీసుకుని చదివాడు. 'పొగ' అన్నచోట వేలు ఆపాడు.

"గీ నిన్నటి దాని మీన సుత నీ సంతకమే ఉన్నదా?"

"ఉన్నది బాపు."

తల ఊపాడు. పెన్ను తీసుకుని సంతకం చేశాడు. పక్కన 'సాక్షి హోదా' అని ఒక గడి ఉంది. అందులో నెమ్మదిగా, గుండ్రంగా ఏదో రాసి కాగితం సారుకిచ్చాడు. సారు చదివి కళ్ళజోడు సర్దుకున్నారు. నేను భుజం మీదనుంచి తొంగి చూశాను. 'టెక్నీషియన్ తండ్రి' అని ఉంది.

"మీరు ఈ అమ్మాయి తండ్రా? అయితే ఈ సాక్ష్యం చెల్లదే" అన్నారు సారు దిగులుగా.

నేను ఊరుకున్నానా? నా మొదటి పని నివేదిక చెల్లకుండా పోతుంటే? "బాపు, గాడ గట్ల రాయొద్దు. నీ పోస్టు రాయాలె, గార్డు అని. సార్, ఇంకో ఫారం ఉంటే ఇయ్యండి, మల్ల రాస్తడు" అన్నాను.

"రాసింది రాసిన" అన్నాడు బాపు. "పొద్దుగూకకముందే ఇంటికి రా బిడ్డా." ఉస్తాద్‌కు చెయ్యి ఊపి, స్కూటరు తిప్పుకుని, కోచింగు ఊసెత్తకుండా ఒక్కడే వెళ్ళిపోయాడు. అమ్మగారు వెనక సీట్లోంచి, "చెల్లుతుంది లెండి, బండి తియ్యండి" అన్నారు.

ఆ నివేదిక మూడు ప్రతుల్లో ఒకటి షాపుదే. ఎక్కడ పోయిందో, ఎన్నిసార్లు వెతికినా దొరకలేదు. దొరికితే అద్దం కట్టించుకునేదాన్ని. కానీ ఆ పూట నేను చేసింది ఏమిటంటే, స్కూటరు మలుపు తిరిగేదాకా తల దించుకుని, ఆ గడిలో మాట కొట్టేసి పైన 'గూడ్సు గార్డు' అని ఇరికించడానికి చోటుందా అని చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు ఆ పిల్ల కనబడితే నెత్తిన ఒక మొట్టికాయ వేసి, కాగితం పక్కన పెట్టి ముందు తలెత్తి ఆయన్ని చూడవే, వెళ్ళిపోతున్నాడు అని చెప్పాలని ఉంటుంది.